దత్తతా, సాదుకునుడా? ‘గోన గన్నారెడ్డి’లో కుటుంబం

అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ని స్ఫూర్తినిచ్చే చారిత్రక ప్రేమకథగా తరాలుగా చదువుతున్నారు. కొడుకులు లేని కాకతీయ గణపతిదేవుడు కూతురు రుద్రమను కొడుకుగా పెంచుతాడు. ఆమె రాజ్యం నిలబెట్టడానికి గన్నారెడ్డి గజదొంగ అవుతాడు. రుద్రమ, చాళుక్య వీరభద్రుల ప్రేమ ఒకటి, గన్నారెడ్డి, అన్నాంబికల ప్రేమ ఒకటి. ఆడది ఏలడమేమిటన్న సామంతుల అహంకారాన్ని నవల ఎదిరించింది. ఆ మేరకు మేం దాన్ని గౌరవిస్తాం.

మా ప్రశ్న వేరు. ఈ పెంపకం ఎవరి కోసం? రుద్రమ కోసం కాదు, సింహాసనం కోసం. నవల దాటి చరిత్రలోకి వెళ్లినా అదే కనిపిస్తుంది. కొడుకుల్లేని రుద్రమ తన కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుంది. బిడ్డకు ఇల్లు కావాలని కాదు, రాజ్యానికి వారసుడు కావాలని. కాకతీయులు చతుర్థ వర్ణులని శాసనాలే చెప్తున్నాయి. అయినా ఆ రాజకులం కూడా కొడుకు, వంశం అన్న కొలతతోనే కుటుంబాన్ని కొలిచింది.

పాత హిందూ శాస్త్రంలో దత్తత అంటే ప్రధానంగా కొడుకే, అదీ సవర్ణుడే. పిండం పెట్టడానికి, ఆస్తి నిలపడానికి. ఆడపిల్లను దత్తత తీసుకునే వీలు, కులం అడ్డు తొలగడం 1956 చట్టంతోనే వచ్చాయి.

గోన వారి వర్ధమానపురం పాలమూరు సీమలోది. ఆ పాలమూరు రోడ్డు మీదిదే మా శంషాబాద్. మా వాడల దత్తత అన్న మాట వినబడదు. ‘సాదుకున్నం’ అంటరు. తల్లి సచ్చిన పిల్లను మేనత్త సాదుకుంటది. కూలికి పోయే ఆమె పక్కింటి పిలగాన్ని సాదుకుంటది. వంశం లేదు, పిండం లేదు. పంచుకోనీకి ఇంత గటక ఉంటె చాలు. మా అవ్వ అట్లనే మేనత్త చేతిల పెరిగింది.

2008లో విమానాశ్రయం మొదలైంది. భూమికి ధర వచ్చింది. మేనత్త అరెకరం అమ్మే రోజున మా ఇంటోళ్లే అడిగిండ్రు: “దత్తత కాగితమేది?” అవ్వ ఏమనలేదు, లేసి పోయింది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని చట్టం అనదు. కాని బిడ్డను ఇచ్చి పుచ్చుకున్నట్టు రుజువడుగుతుంది. అక్షరం రానోళ్లు ఏ రుజువు దాచిపెడతరు? గణపతిదేవుని సింహాసనం అరెకరం రూపంల మా ఇంటికీ వచ్చిందని మాకు అప్పుడు తెలిసింది. తప్పు శాస్త్రానిదే అని చెప్పి మేం తప్పించుకోలేం.

రుద్రమను సింహాసనం ఎక్కించిన నవల మనకుంది. మా అవ్వను సాదిన మేనత్త కథ మేమే రాయాలి. ‘గోన గన్నారెడ్డి’ని తరగతిలో చెప్పే అధ్యాపకులు ఈ ఒక్క ప్రశ్న కూడా అడగాలి: వారసుడు అక్కర లేని ఇండ్లల్ల బిడ్డల్ని ఎందుకు సాదిండ్రు?