వేళ్లకు చోటున్న విల్లు

మొన్న ఆదివారం ఉక్కునగరంలో మా పక్కింటి కుర్రాడు ఫోన్లో ఓ కాంపౌండ్ విల్లు చూపించి, "బాబాయ్, ఇది తీసుకోనా?" అన్నాడు. రెండు చివర్లా ఉండే చక్రాల్లాంటి క్యాముల ఇరుసుల మధ్య 30 అంగుళాలు. "రిలీజ్ పెట్టి వేస్తావా, వేళ్లతోనా?" అనడిగాను. రిలీజ్ అంటే వేళ్లకు బదులు నారిని పట్టి వదిలే చిన్న పరికరం. వేళ్లతోనే అన్నాడు. అయితే వద్దన్నాను.

నేనూ మొదట పొట్టి విల్లే కొన్నాను. పూర్తిగా లాగేసరికి నారి కోసుగా మడతపడి మూడు వేళ్లనూ ఇరికించేసేది. చూపుడువేలు బాణం తోకను అదిమేస్తుంటే, ఉంగరం వేలు కమిలి తిమ్మిరెక్కేది. ఓ సాయంత్రం వదలడంలో నారిని పక్కకు మీటాను. అది క్యామ్ గాడి తప్పి ఊడిపోయింది. ఆ చప్పుడు ఇంకా నా చెవిలోనే ఉంది. అప్పట్నుంచీ 40 అంగుళాలకు తగ్గిన విల్లు వేళ్లతో ముట్టుకోలేదు.

ఇంకోటి లెట్ ఆఫ్, అంటే పూర్తిగా లాగాక తగ్గే బరువు. 50 పౌండ్ల విల్లుకి 80 శాతం లెట్ ఆఫ్ ఉంటే, చివర్లో వేళ్ల మీద మిగిలేది 10 పౌండ్లే. హాయిగా ఉంటుంది, కానీ అంత వదులు నారి వేళ్లకే అంటుకుని సాగుతుంది. 65 శాతమైతే పదిహేడున్నర మిగులుతుంది. ఆ బరువే నారిని వేళ్లలోంచి శుభ్రంగా లాక్కుపోతుంది. వేళ్ల మీంచి దొర్లిన నారి బాణాన్ని అడ్డంగా వంచుతుంది కాబట్టి, పక్కన ఆ తోపును కాచుకునే స్ప్రింగ్ ప్లంజర్ తప్పనిసరి.

మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది రిలీజ్‌తోనే. 50 మీటర్ల పోటీకి దిగేవాళ్లకు అదే దారి. కాంపౌండ్ విల్లుకి 1969లో పేటెంటు పొందిన అమెరికన్ హోలెస్ విల్బర్ ఆలెన్ తర్వాత తొలితరం వాళ్లు మాత్రం గుండ్రటి చక్రాల పొడుగు విళ్లను వేళ్లతోనే లాగారు. పాడేరు వైపు గిరిజనుల ఇటుకల పండుగకి విల్లు పట్టి అడవికి పోయే చేతుల్లోనూ ఉన్నవి వేళ్లే. నారి చర్మాన్ని వదిలిపోయే ఆ క్షణం నాకు కావాలి. గురి నాలుగు అంగుళాలు తప్పినా సరే, అది వదులుకోలేను.

కుర్రాడికి నా పొడుగు విల్లు ఇచ్చాను. తోలు ట్యాబ్ తొడుక్కుని లాగాడు, కాసేపు నిలబెట్టాడు, మెల్లగా దించి వేళ్లు చూసుకున్నాడు.

"ఇలాంటిది ఎక్కడ దొరుకుతుంది బాబాయ్?"

కొత్తవాటిలో అరుదు, పాతది వెతకాలన్నాను. పాతదంటే ముందు ఇరుసులు చూడాలి, మన సముద్రపు గాలికి తుప్పు ఊరికే పడుతుంది. తర్వాత ఇంట్లోంచి దూదిపింజ తెచ్చి, నా విల్లు రెక్కల మీద పైనుంచి కిందికి రాసి చూపించాను. కంటికి కనపడని పగులున్నచోట పోగు చిక్కుకుంటుంది. వాడు దూది నా చేతిలోంచి తీసుకుని, కింది రెక్క వాడే రాశాడు.