నీలం ఆకులు

మా అమ్మ ఇనప్పెట్టెలో ఒక బందరు దుప్పటి ఉంది. వాళ్ల అమ్మమ్మ ఇచ్చిందట. దాని మీద ఒక చెట్టు, కొమ్మల నిండా చిలకలు, చిలకల చుట్టూ ఆకులు. ఆకులన్నీ నీలం. ఏలూరు ఎండల్లో మధ్యాహ్నం పూట దాన్ని పరుచుకుని పడుకుని, ఈ అద్దకం వేసినాయన జన్మలో చెట్టును చూసినట్టు లేడే అనుకునేవాణ్ణి.

చూశాడు పాపం. ఆకుపచ్చే వేశాడు. కలంకారీలో ఆకుపచ్చ అని వేరే రంగు లేదు. నీలిమందు ఎక్కించి, దాని మీద పసుపుపచ్చ పూస్తే అదే ఆకుపచ్చ. నీలిమందు మొండిది. పసుపుపచ్చ ఎండకు నిలవదు. పైది ఎగిరిపోతే కిందిది బయటపడింది. లండన్ మ్యూజియాల్లో అద్దాల వెనక ఉన్న మన కోస్తా బట్టల మీద కూడా చాలావాటికి ఆకులు నీలంగానే ఉంటాయి.

ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు ఒక పాడు అలవాటు పట్టుకుంది. ఏ పాత బొమ్మ కనబడినా బాగున్న చోట చూడను, చెడిపోయిన చోట చూస్తాను. దుప్పటిని కిటికీకి అడ్డంగా పట్టుకుంటే, చిలక ముక్కు చుట్టూ నల్లగీత ఉండాల్సిన చోట గీతంత సన్నగా వెలుతురు కనిపిస్తుంది. పురుగు కొట్టిందనుకున్నాను. పురుగైతే గీత దాటకుండా తింటుందా?

దీనికి జవాబు తాడేపల్లిగూడెంలో కెమిస్ట్రీ చెప్పే మా బావమరిది వంటింట్లో చూపించాడు. తెల్లగుడ్డ ముక్కను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టాడు. తుప్పు మేకులు, బెల్లం వేసి వారం రోజులు పులియబెట్టిన నీళ్లు సీసాలో తెచ్చాడు, మా చెల్లెలు ముక్కు మూసుకుంది. పుల్లతో ఒక చుక్క పెట్టాడు. బురదరంగు చుక్క గుడ్డను తాకీ తాకగానే నల్లబడింది. "మన తాతల సిరా కూడా ఇదే బావా. కరక్కాయలో వగరు, తుప్పులో ఇనుము, రెండూ కలిస్తే నలుపు. కాకపోతే ఆ ఇనుము ఊరుకోదు, ఏళ్ల తరబడి నూలును కొరుకుతూనే ఉంటుంది" అన్నాడు. అంటే అన్నిటికంటే ముందు గీసిన గీతే అన్నిటికంటే ముందు రాలిపోయిందన్నమాట.

ల్యాబుల్లో ఏ నలుపు దేనిదో తేల్చడానికి పరారుణ కెమెరా వాడతారు. ఇనుము నలుపు ఆ వెలుగులో వెలిసి మాయమైపోతుంది. బొగ్గు నలుపైతే నల్లగానే నిలుస్తుంది. మామూలు కంటికి రెండూ ఒకటే.

ఎరుపు కథ ఇంకా చిత్రం. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లతో గీస్తారు. దానికి సొంత రంగు లేదు, గీసింది కనబడటానికి కాస్త ఏదో కలుపుకుంటారు. తర్వాత బట్ట మొత్తాన్ని ఎర్రరంగునిచ్చే మొక్క వేళ్లతో ఉడికిస్తే పటిక పడ్డచోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతాది ఉతుకుల్లో పోతుంది. ఎక్స్-కిరణాల పరికరం పెడితే నలుపులో ఇనుమును ఇట్టే పట్టేస్తుంది గానీ పటిక దగ్గర తడబడుతుంది. అందులోని అల్యూమినియం మరీ తేలిక, దాని నుంచి వచ్చే కిరణాలను మధ్యలో గాలే మింగేస్తుంది.

ఈ అద్దకం పద్ధతి రాబట్టడానికి ఫ్రెంచివాళ్లు పడ్డ పాట్లు చూస్తే నవ్వొస్తుంది. 1734 ప్రాంతంలో బోలియూ అనే నౌకాధికారి పుదుచ్చేరిలో అద్దకం పనివాళ్ల పక్కన కూర్చుని, ఒక్కో దశ అవగానే గుడ్డలో ఒక ముక్క కత్తిరించి కాగితాలకు అంటించి పారిస్‌లో ఉన్న రసాయన శాస్త్రవేత్తకు పంపాడు. దొంగతనమే, కానీ ఎంత శుభ్రమైన దొంగతనం! ఇప్పటి పరిశోధకులకు ఆ ముక్కలే కొలబద్ద. 1742లో అదే పని మీద ఉత్తరం రాసిన కేర్దూ పాదిరీ తెలుగు నేర్చి నిఘంటువు కూర్చినవాడు. మన పక్క పాలకొల్లులో డచ్చివాళ్లు, నరసాపురం దగ్గర మాధవాయపాలెంలో ఇంగ్లీషువాళ్లు బట్టలు కొని ఓడలకెత్తించారు. అద్దకం ఎలా వేస్తారో ఆ పాదిరీ అడిగినంత ఓపిగ్గా అడిగినవాళ్లు మనలో తక్కువ.

మొన్న దుప్పటి పట్టుకుని కైకలూరు మీదుగా పెడన వెళ్లాను. కొల్లేరు పొడవునా చేపల చెరువులే. అక్కడ అద్దకం వేసే పెద్దాయన ఒకరు దుప్పటిని విప్పీ విప్పకముందే తిరగేశారు. ముందువైపు చూడనేలేదు.

"ఎరుపు రెండు వైపులా ఒకలాగే దిగిందండీ. ఉడికించిన సరుకే. నలుపు తిన్నది కదా, ఇనుము కాస్త ఎక్కువ పులిసింది."

"ఎరుపు చిరివేరుదేనాండీ?"

"అది నేను చూళ్లేదండీ. మా నాన్న కూడా చూళ్లేదు."

చిరివేరు మన సముద్రపు ఇసకనేలల్లో పెరిగే చిన్న మొక్క. రాక్స్‌బర్గ్ 1795లో మొదలుపెట్టిన కోరమాండల్ మొక్కల పుస్తకంలో దాని బొమ్మ ఉంది. 1868లో జర్మన్లు అందులోని ఎరుపును, అలిజరిన్‌ను, ఫ్యాక్టరీ సరుకు చేయడానికి దారి కనిపెట్టారు. మరుసటి ఏడే ఇంగ్లండులో పెర్కిన్ దానికి పేటెంటు తీశాడు. ఇక వేరు తవ్వేవాడి పని అయిపోయింది. ఆ పెర్కిన్ కొడుకే 1893లో చిరివేరును విడదీసి, అందులో అలిజరిన్ ఉందని, మంజిష్ఠ జాతి వేళ్లలో దానికి తోడుండే పర్ప్యురిన్ లేదని తేల్చాడు. తండ్రి కొట్టు మూయించాడు, కొడుకు వచ్చి అందులో ఏముండేదో జాబితా రాశాడు.

రంగును విడదీసి చూసే క్రొమటోగ్రఫీకి కొన్ని మిల్లీమీటర్ల దారం చాలట. వేరులో అలిజరిన్‌తో పాటు దాని చుట్టాలు నాలుగైదు కనబడతాయి, ఫ్యాక్టరీ రంగైతే ఆ చుట్టాలు ఉండవు. దుప్పటి అంచు వెనకవైపు నుంచి ఒక పోగు లాగాను. బావమరిది తెలిసినవాళ్లకు పంపిస్తానన్నాడు. కవరు మీద అడ్రసు కూడా రాశాను.

అమ్మ లెక్కలో ఆ దుప్పటి రెండువందల ఏళ్లది. పోగులో ఆ చుట్టాలు కనబడకపోతే 1868కి ఇటు జారిపోతుంది. "పంపావా?" అని ఆవిడ ఇప్పటికి రెండుసార్లు అడిగింది. కవరు ఇంకా పంచాంగంలోనే ఉంది.