ఇంధన ఘటపు పొరలో నీటి గమనం: ‘ఆరిపోవడం’ అనే వివరణపై విమర్శ

కీలక పదాలు: ఇంధన ఘటం, ప్రోటాన్ వినిమయ పొర, సాపేక్ష ఆర్ద్రత, ఉష్ణ ద్రవాభిసరణం, గోదావరి డెల్టా.

ఉపోద్ఘాతం

కాకినాడకు హరిత అమ్మోనియా ప్రాజెక్టు రావడంతో హైడ్రోజన్ పాఠం గోదావరి జిల్లాల కళాశాలలకు ఇరుగుపొరుగు విషయమైంది. హైడ్రోజన్‌ను విద్యుత్తుగా మార్చే ఇంధన ఘటంలో ప్రోటాన్లను మోసే పొర తడిగా ఉంటేనే పనిచేస్తుంది. వేడి దానిపై చూపే ప్రభావాన్ని ‘పొర ఆరిపోతుంది’ అన్న ఒక్క మాటతో ముగించే వివరణ అబద్ధం కాదు, అసంపూర్ణం. ‘తేమ గల డెల్టాలో ఆ భయం లేదు’ అన్న తప్పుడు నిర్ణయానికి అది దారితీస్తుంది.

తేమ లెక్క

35 డిగ్రీల సెల్సియస్ వద్ద 80 శాతం సాపేక్ష ఆర్ద్రత గల గాలిలో నీటి ఆవిరి పీడనం సుమారు 4.5 కిలోపాస్కల్. ఘటం పనిచేసే 80 డిగ్రీల వద్ద సంతృప్త బాష్పపీడనం సుమారు 47 కిలోపాస్కల్. పీడనం మారకుండా అదే గాలి వేడెక్కితే, దాని సాపేక్ష ఆర్ద్రత 10 శాతం లోపుకు పడిపోతుంది. కోనసీమలో చెమట ఆరనివ్వని గాలి కూడా ఈ పొరకు వడగాలే.

ఎదురెదురు ప్రవాహాలు

ప్రోటాన్లు ఆనోడ్ నుంచి కాథోడ్‌కు పోతూ నీటిని వెంట లాగుతాయి. కాథోడ్ వద్ద పుట్టిన నీరు వ్యాపనం ద్వారా వెనక్కి వస్తుంది. వీటికి తోడు, పొర రెండు ముఖాల మధ్య ఉష్ణోగ్రతలో తేడా ఉంటే మరో గమనం మొదలవుతుంది. నాఫియాన్ వంటి, నీటిని ఆకర్షించే పొరలో అది చల్లని వైపు నుంచి వేడి వైపుకు సాగుతుంది. ఇదే ఉష్ణ ద్రవాభిసరణం. పొరను ఆనుకొన్న రంధ్రమయ స్తరాలలో మాత్రం నీరు వేడి వైపు ఆవిరై చల్లని వైపు ద్రవీభవిస్తుంది. ‘ఆరిపోవడం’ అన్న మాటలో ఈ దిశాభేదానికి చోటు లేదు.

పొర పలుచన కనుక ఉష్ణోగ్రతాభేదం స్వల్పమే, దానిని విస్మరించవచ్చు అన్న అభ్యంతరం ఘటం పూర్తి భారంతో నడిచేటప్పుడు కొంతవరకు సమంజసం. కానీ ఘటాన్ని ఆపినప్పుడు ప్రోటాన్ల లాగుడు నిలిచిపోతుంది. ఉష్ణోగ్రతాభేదం కొంతసేపు మిగిలే ఉంటుంది. మిగిలిన నీరు ఏ వైపు చేరుతుందన్నది అప్పుడు దానిపై కూడా ఆధారపడుతుంది.

ముగింపు

‘ఉష్ణోగ్రత ఎంత?’, ‘ఉష్ణోగ్రతాభేదం ఎటు?’ అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిది పొరలో నీరు నిలిచే పరిమాణాన్ని, రెండవది నీరు కదిలే దిశను తెలుపుతాయి. బోధనలో వీటిని విడదీసి, ఉష్ణ ద్రవాభిసరణాన్నీ బాష్ప ప్రవాహాన్నీ వేర్వేరు పేర్లతో వ్యవహరించడం అవసరం. పారిభాషిక పదం కరవైన చోట భావనే కరవవుతుంది.