బెర్గియా సేద్యం

ఐప్టేషియాను మొదటిసారి చూసినవాళ్లకు అది శత్రువని అనిపించదు. రాతి సందులోంచి అంగుళం కూడా లేని గోధుమరంగు కాడ, దాని కొసన సన్నటి వేళ్లు విచ్చుకున్న పువ్వు, నీటి ఒరవడికి ఊగుతూ ఉంటుంది. టెక్సస్‌లో మా ఇంటి హాల్లో పగడాలు పెంచే రీఫ్ ట్యాంకులో దాన్ని ముందు చూసింది మా అమ్మాయి. “నాన్నా, రాయికి పువ్వు పూసింది!” అంది. ఇద్దరం మురిసిపోయాం. రెండు నెలలు తిరిగేసరికి రాళ్ల వెనక, పంపు గొట్టంలో, పగడాల మొదళ్లలో ఎక్కడ చూసినా అవే పువ్వులు. వాటి పక్కనున్న పగడాలు ముడుచుకుపోయి, రంగు వెలిసి, ఒక్కొక్కటే పోవడం మొదలుపెట్టాయి.

పువ్వులా కనిపించే ఈ జీవి సీ ఎనిమోన్లలో ఒకటి. సముద్రపు రాళ్లతోనో, కొత్తగా కొన్న పగడపు ముక్కతోనో కంటికి కనిపించనంత చిన్నదిగా ట్యాంకులోకి వస్తుంది. దాని ఒంట్లో కాపురం ఉండే సూక్ష్మమైన నాచు వెలుతురుతో ఆహారం తయారుచేసి పెడుతుంది. చేపలకు వేసిన మేతలోంచి తన వాటా ఐప్టేషియా వేళ్లతో పట్టుకుంటుంది. రెండువైపులా సంపాదన ఉన్న ఇల్లు కాబట్టి దానికి కరువు రాదు. వేళ్లనిండా విషపు ముళ్ల అరలుంటాయి, తగిలిన పగడానికల్లా అవి వాతలు పెడతాయి. అన్నిటికంటే గడ్డు విషయం దాని సంతానం తీరు. పాదం అంచు నుంచి గోరుకొన అంత ముక్క రాతిమీద వదిలి పక్కకు జరుగుతుంది. ఆ ముక్క కొద్ది రోజుల్లో బుల్లి ఐప్టేషియా అవుతుంది. చాకుతో గీకితే ఎన్ని ముక్కలైతే అన్ని మొలకలు.

అందుకే మందులు ఓడిపోతాయి. తాంబూలంలో వేసుకునే సున్నమే, అంటే కాల్షియం హైడ్రాక్సైడే, ముద్దగా కలిపి సిరంజితో నోట్లోకి ఎక్కించడం రీఫ్ పెంపకందార్ల పాత వైద్యం. నిమ్మరసం ఎక్కించేవాళ్లూ ఉన్నారు. కనిపించిన నాలుగింటికి అది పనిచేస్తుంది. సూది దగ్గరకు రాగానే సందులోకి ముడుచుకుపోయే అయిదోదానికి పనిచేయదు. పెప్పర్‌మింట్ రొయ్యలు తింటాయి, కానీ వాటికి వేరే తిండి దొరికితే ఇటు తొంగి చూడవు. పొడుగు ముక్కు కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేప తింటుంది, కానీ ఇంటి ట్యాంకులో దాన్ని బతికించుకోవడమే పెద్ద పని.

ఇక మిగిలింది బెర్గియా. ఫ్లోరిడా దక్షిణ తీరపు వెచ్చటి నీళ్లలో పుట్టిన గుల్ల లేని నత్త. పెరిగితే అంగుళం లోపే. వీపంతా వేళ్లలాంటి మెత్తటి కుచ్చులు, తల దగ్గర నారింజ ఛాయ. దాని తిండి ఐప్టేషియా ఒక్కటే. పగడాన్ని ముట్టదు, చేపల మేత ముట్టదు, ఐప్టేషియా దొరక్కపోతే ఆకలితో చచ్చిపోతుంది. ఈ పట్టుదలే దాని విలువ, ఇదే దాని పెంపకంలోని కష్టం కూడా.

తెగులును దాన్నే తినే జీవితో అణచే ఈ ఎత్తు తెలుగువాళ్లకు కొత్త కాదు. దక్షిణాదిలో పొలాల్నీ బీళ్లనీ కమ్మేసిన నాగజెముడును అణచింది కత్తీ కాదు, నిప్పూ కాదు. తెల్లటి పిండి పట్టినట్టుండే చిన్న పురుగును 1926లో శ్రీలంక నుంచి తెచ్చి వదిలితే, ఆ మొక్క రసం తప్ప మరొకటి ఎరగని ఆ పురుగు ముళ్ల డొంకల్ని ఎండబెట్టేసింది. తేడా ఒక్కటే. అక్కడ బీళ్లనిండా మేత ఉంది కాబట్టి పురుగు తనంతట తాను పెరిగింది. ఇంట్లో బెర్గియాలను పెంచాలంటే మేతను మనమే పండించాలి.

ఈ సంగతేదీ తెలియక నేను మొదట ఒక పొరపాటు చేశాను. ఆరు నత్తలు కొని తెచ్చి తిన్నగా ట్యాంకులో వదిలాను. మా ట్యాంకులో అప్పటికే సిక్స్‌లైన్ రాస్ చేప ఒకటి ఉంది. వారం తర్వాత నాకు ఒక్క నత్తా కనిపించలేదు. రాస్ చేపలు, కొన్ని రకాల రొయ్యలు, పీతలు వీటిని తింటాయి. పంపుల ముందు జాలీ లేకపోతే లోపలికి లాగేసుకుంటాయి. రెండోసారి నత్తల్ని విడిగా పెంచాలనుకుని, కొనేముందు ఐప్టేషియాల్నే పెంచడం మొదలుపెట్టాను. ఏ పువ్వును చంపడానికి ఏడాదిపాటు సిరంజి పట్టుకు తిరిగానో, దానికి విడిగా గాజుతొట్టి, దీపం, పూటపూటా మేత. ఇంటికొచ్చిన స్నేహితులు వింతగా చూశారు. బెర్గియా పెంపకమంటే నిజానికి ఐప్టేషియా సేద్యమే అని వాళ్లకు చెప్పాల్సి వచ్చింది. నత్తల సంఖ్య ఎప్పుడూ ఐప్టేషియాల పంట దాటి పెరగదు.

ఐప్టేషియాకు ఇష్టమైన మేత ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి రొయ్య పిల్లలు. ఈ పేరు కోస్తా ఆంధ్రలో రొయ్యల హేచరీల్లో పనిచేసే ప్రతివాళ్లకూ తెలుసు. అమెరికాలో యూటా ఉప్పు సరస్సు నుంచి డబ్బాల్లో వెళ్లే గుడ్ల నుంచి పుట్టిన పిల్లలు అక్కడి రొయ్యపిల్లల నోటికి అందుతాయి. ఉప్పాడ వైపు ఒక హేచరీలో మా బావ చాలా ఏళ్లు పనిచేశాడు. గుడ్ల పెంకులు మేతతోపాటు వెళ్లి తొట్టిని పాడుచేస్తున్నాయని ఫోన్లో చెప్పుకుంటే, “గాలి ఆపెయ్ బావా. పది నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలతాయి. సీసా పైభాగం గుడ్డతో కప్పి, అడుగున లైటు పెట్టు. పిల్లలన్నీ వెలుతురు దగ్గరికే వస్తాయి, గొట్టంతో లాగెయ్” అన్నాడు. అంత సులువు. ఉప్పునీళ్లు, గాలి, కాస్త వెచ్చదనం ఉంటే గుడ్డు చిట్లడానికి ఒక రోజు చాలు. నారింజరంగు పొడిలా కదిలే ఆ పిల్లల్ని పిపెట్‌తో వదిలితే ఐప్టేషియా వేళ్లు ఒక్కసారిగా ముడుచుకుని నోటికి అందిస్తాయి. బాగా మేపిన తొట్టిలో అవి గాజుగోడల మీద కూడా మొలుస్తాయి. పెద్దవాటిని బ్లేడుతో కోసి వదిలితే ప్రతి ముక్కా మళ్లీ మొక్కే. పగడాల ట్యాంకులో శాపమైన గుణం ఇక్కడ వరం.

బెర్గియాలు పగలంతా రాళ్లకింద దాక్కుంటాయి. వాటి పని చూడాలంటే దీపాలు ఆర్పిన గంట తర్వాత టార్చికి ఎర్ర కాగితం కట్టి చూడాలి. నేను మొదటిసారి చూసిన వేట ఇంకా కళ్లముందుంది. ఒక నత్త మీసాలతో తడుముకుంటూ వచ్చి ఐప్టేషియా కాడను తాకింది. పువ్వు చటుక్కున ముడుచుకుంది. నడుం దగ్గర నుంచి తెల్లటి దారాలు బయటికి విసిరింది. అవన్నీ విషపు ముళ్లే. నత్త వెనక్కి జరిగి వీపుమీది కుచ్చులన్నీ ముళ్లపందిలా నిక్కబొడిచింది. కాసేపాగి మళ్లీ మొదలు దగ్గరే కొరికింది. ఇంకొకటి వచ్చి చేరింది. తెల్లారేసరికి అక్కడ పువ్వు లేదు. నత్తల కుచ్చులు మాత్రం ముదురు గోధుమరంగు తిరిగాయి. ఐప్టేషియా ఒంట్లోని నాచు రంగే అది. ఆకలితో ఉన్న బెర్గియా కుచ్చులు తెల్లగా పారదర్శకమైపోతాయి కాబట్టి, పెంచేవాడికి ఆ రంగే కొలత.

తిన్న ఐప్టేషియాలోని విషపు అరలన్నీ నత్త కడుపులో జీర్ణమైపోవు. ఇంకా పేలనివాటిని అది కుచ్చుల కొసల్లో ఉండే సంచుల్లోకి చేర్చుకుని, తన రక్షణకే దాచుకుంటుంది. శత్రువు ఆయుధాన్ని గుర్తుపట్టి, చెడకుండా ఒళ్లంతా మోసి, తన కొసల్లో పదిలపరచుకోవడం ప్రకృతిలో అరుదైన విద్య.

గుడ్ల సంగతికొస్తే, ప్రతి బెర్గియా ఆడా మగా కూడా. ఏ రెండు కలిసినా జంటే, రెండూ గుడ్లు పెడతాయి. తెల్లటి సన్నదారం చక్కిలంలా చుట్టినట్టు గాజుమీదో రాతిమీదో అంటించి పోతాయి. ఒక్కో చుట్టలో వందల గుడ్లు. ఆ చుట్టను మెత్తటి ప్లాస్టిక్ కార్డు అంచుతో జాగ్రత్తగా ఊడదీసి, పిపెట్‌తో లాగి, శుభ్రమైన ఉప్పునీళ్లున్న చిన్న గ్లాసులోకి మార్చాలి. నీళ్ల వేడి 25, 26 డిగ్రీల దగ్గర నిలపాలి. రోజూ నీళ్లు మార్చాలి. ఒక్కరోజు బద్ధకిస్తే సూక్ష్మజీవులు చుట్టను కుళ్లబెడతాయి. అందుకే ఇది సెలవురోజు సరదా కాదు, పాడిపశువున్న ఇల్లు లాంటిది.

పన్నెండు రోజులకు అటూ ఇటూగా పిల్లలు బయటికొస్తాయి. అప్పుడు ఒక్కోదానికీ బుల్లి గుల్ల ఉంటుంది. నత్తే కదా! కాసిని రోజుల్లో ఆ గుల్లను వదిలేసి నేలమీద పాకడం మొదలుపెడతాయి. సముద్ర జీవుల్ని పెంచేవాళ్లకు ఈ దశ ప్రాణం తోడేస్తుంది. క్లౌన్‌ఫిష్ పిల్లకు రోటిఫర్లనే సూక్ష్మప్రాణులు కావాలి, రొయ్యపిల్లకు ముందు నాచునీళ్లు కావాలి. బెర్గియా పిల్ల గుడ్డులోని పచ్చసొనతోనే ఆ గండం గట్టెక్కుతుంది. వంటింటి గట్టుమీద గ్లాసుల్లో ఇది సాధ్యమవుతున్నది అందుకే.

ఆ తర్వాత పెట్టాల్సింది చిన్న చిన్న ఐప్టేషియాలనే. పిల్లనత్తల ముందు పెద్ద పువ్వును పెడితే ఆ పువ్వే వాటిని తినేస్తుంది. గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు పెట్టేదాకా సుమారు రెండు నెలలు.

ఈ కళకు శాస్త్రం బాట వేసింది. ఈ నత్తల ప్రజాతికి బెర్గియా అన్న పేరు కోపెన్‌హేగన్ వైద్యుడు రుడాల్ఫ్ బెర్గ్ పేరుమీద వచ్చింది. ఆయన జీవితమంతా ఇలాంటి నత్తల మీద రాశాడు. ల్యాబులో వీటిని గుడ్డు నుంచి గుడ్డుదాకా పెంచిన వివరాలను కారొల్, కెంప్ఫ్ అనే శాస్త్రవేత్తలు 1990లో ప్రచురించారు. పెంపకందార్లు ఈ నత్తను చాలాకాలం బెర్గియా వెరుకికోర్నిస్ అనే పిలిచారు. 2005లో ఆంహెల్ వాల్దేస్ అనే శాస్త్రవేత్త ఫ్లోరిడా జాతిని వేరుగా గుర్తించి స్టెఫనీయే అని పేరు పెట్టాడు. ఇప్పుడు మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో, ఆంహెర్స్ట్‌లో, మెదడు ఎలా పనిచేస్తుందో చదవడానికి ఈ నత్తనే పెంచుతున్నారు. మనకు తెగులైన ఐప్టేషియా కూడా పగడాలకూ నాచుకూ మధ్య స్నేహం ఎందుకు చెడుతుందో తెలుసుకోవడానికి ప్రయోగశాలల్లో వాడే జీవే. ఈ రెంటినీ కలిపి ఇంట్లో పెంచే మనిషి చిన్న పని చేయడం లేదు. ప్రతి తరం నత్తలూ ఇంట్లోనే పుడుతున్నాయి కాబట్టి, సముద్రం మీద చెయ్యి పడడం లేదు. ఈ అభిరుచిలో అంత ధైర్యంగా చెప్పుకోగల సంగతులు చాలా తక్కువ.

భారతదేశంలో ఉన్న పాఠకులకు ఒక మాట చెప్పాలి. రీఫ్‌ను కట్టే గట్టి పగడాలన్నీ మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఎవరో అమ్మిన అలాంటి పగడాన్ని ముచ్చటపడి తెచ్చుకోవడం నేరం. ముందు చట్టం తెలుసుకుని తర్వాత ట్యాంకు సంగతి చూడండి.

చట్టప్రకారం ట్యాంకు ఉన్నవాళ్లు, ఐప్టేషియాలతో విసిగినవాళ్లు రెండు మూడు నత్తలు వేసి వారంలో అద్భుతం ఆశించకండి. రాస్ చేపను వేరే ట్యాంకుకు మార్చండి, పంపులకు జాలీ కట్టండి, ఒకేసారి పదో పన్నెండో వదిలి మూడు నెలలు ఆగండి. చివరి పువ్వు కూడా పోయాక మీ నత్తలకు తిండి ఉండదు. అప్పుడు వాటిని మర్చిపోకండి. ఐప్టేషియాలు అంటుకున్న చిన్న రాయి ఒకటి రాత్రి ట్యాంకులో పెట్టండి, ఆకలిగొన్న బెర్గియాలు దాని చుట్టూ చేరతాయి. ఆ రాయిని నత్తలతో సహా తీసి, ఇంకా ఐప్టేషియాలతో అవస్థ పడుతున్న ఇంకో ఇంటికి ఇవ్వండి.