పాట అయ్యాకే బేరం

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకు నాలుగు రోజులు సెలవు దొరికితే దక్షిణం వైపు రైలెక్కి శ్రీకాకుళం రోడ్డులోనో విజయనగరంలోనో దిగడం అలవాటు. ఒక్కరోజే దొరికితే ఇల్లు కదలరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టిన నాటి నుంచీ గోల్‌బజార్, నింపురా, మథురాకాటీల్లో మన మాట వినబడుతూనే ఉంది. 2020 డిసెంబర్‌లో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకున్నదీ ప్రధానంగా ఈ ఊరివాళ్ళ కోసమే. ఇన్ని తరాలు ఇక్కడ బతికీ మనం చుట్టుపక్కల పల్లెల్ని చూసింది తక్కువ. ఆ ఒక్కరోజు సెలవుకు నేనొక చోటు చెబుతాను.

హౌరా వైపు వెళ్ళే లోకల్ ఎక్కితే జక్‌పూర్, మాదపూర్, శ్యామ్‌చక్ దాటాక బాలిచక్ వస్తుంది. అక్కడ దిగి రోడ్డు మీద పింగ్లా వైపు వెళ్తే నయా అనే పల్లె ఉంది. పటాలు గీసే పటువాల ఊరు. వాళ్ళందరి ఇంటిపేరూ చిత్రకర్. గోడల నిండా చేపలు, నెమళ్ళు, పులులు, పెద్ద పెద్ద కళ్ళున్న ఆడవాళ్ళు. అరుగు మీద కొబ్బరి చిప్పల్లో రంగులు.

ఆ చిప్పల దగ్గర నాకు ఎంతసేపైనా కదలబుద్ధి కాదు. నీలం శంఖపుష్పాల నుంచి వస్తుంది. ఆకుపచ్చ చిక్కుడాకు పసరు. పసుపు మన వంటింటి పసుపే. ఎరుపు జాఫ్రా గింజలది, ఊదా బచ్చలి పండ్లది, నలుపు దీపం మసి. లేత టేకాకు అరచేతిలో నలిపితే ఎర్రబడుతుందని మన ఉత్తరాంధ్ర పిల్లలందరికీ తెలుసు కదా, ఇక్కడ ఆ ఎరుపుకీ పని ఉంది. రంగు కాగితాన్ని పట్టుకోవడానికి మారేడు కాయ జిగురు కలుపుతారు. బొమ్మలు పూర్తయ్యాక కాగితాలను వరసగా కుట్టి, వెనక పాత చీర గుడ్డ అంటించి, చుట్టచుడతారు. ఆ గుడ్డే లేకపోతే వందసార్లు విప్పి చుట్టే పటం చిరిగిపోతుంది.

విప్పడానికే కదా అది ఉన్నది. నేను వెళ్ళిన ఇంటి పెద్దావిడ చాప పరిచి, "దిదీ, బొమ్మలు చూస్తావా, పాట వింటావా?" అని అడిగింది. వింటానన్నాను. చేపల పెళ్ళి పటం తీసింది. ఒక చేత్తో పై అంచు పట్టుకుని, రెండో చేతి వేలితో ఒక్కో బొమ్మనూ చూపిస్తూ, ఆ బొమ్మ కథ అయిపోగానే దాన్ని పైకి చుట్టి కిందిది విప్పుతూ పాడింది. పెళ్ళికూతురు చేప, వెంట బొచ్చెలు, శీలావతులు, రొయ్యలు, వాయిద్యాలు. చివరికి పెద్ద వాలుగ నోరు తెరుచుకుని వచ్చి పెళ్ళివారందరినీ మింగేస్తుంది. ఆ నోటి బొమ్మ అన్నిటికంటే కింద ఉంటుంది. మొత్తం పటాన్ని గోడకు తగిలించి చూస్తే ముగింపు ముందే తెలిసిపోతుంది. ఆమె చేత్తో విప్పుతుంటే పక్కన కూర్చున్న పిల్లలు, ఆ పాట ఎన్నిసార్లు విన్నవాళ్ళో, అయినా ముందుకు వంగి చూశారు.

ఈ పటువాల్లో ఎక్కువమంది ముస్లింలు. గీసేది మనసాదేవి కథ, రామాయణం, కృష్ణలీలలు, దుర్గ. ఊరూరా తిరిగి, గుమ్మం ముందు పటం విప్పి పాడి, బియ్యమో డబ్బో పుచ్చుకునే వృత్తి ఇది. సినిమా, టీవీ వచ్చాక గుమ్మాలు తగ్గాయి. వాళ్ళు కొత్త కథలు కట్టారు. సునామీ మీద, ఎయిడ్స్ మీద, న్యూయార్క్ జంట భవనాలు కూలడం మీద పటాలున్నాయి, ప్రతి పటానికీ పాట ఉంది. ఒకప్పుడు ఊళ్ళు తిరిగి పాడేది మగవాళ్ళే. దుఖుశ్యామ్ చిత్రకర్ లాంటి పెద్దలు ఆడవాళ్ళకూ గీయడం, పాడడం నేర్పారు. ఇవాళ నయాలో పేరున్న కళాకారుల్లో చాలామంది ఆడవాళ్ళే. 2010 నుంచి నవంబర్‌లో ఊరంతా పొట్ మాయా పండగ చేసుకుంటున్నారు. బెంగాల్ పటచిత్రానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కళ కోసం లోకం వెళ్ళే చోటు ఇంకొకటి చెబుతాను. జపాన్‌లో సెతో లోతట్టు సముద్రంలో నవోషిమా అనే దీవి ఉంది. రాగి కరిగించే కర్మాగారం పొగకు చెట్లు పోయి, పడుచువాళ్ళు ఊరొదిలి వెళ్ళిన చోటు. 1992లో తదావో ఆండో కట్టిన మ్యూజియంతో మొదలై, 2004 నాటికి భూమి లోపలే మరో మ్యూజియం వచ్చింది. పాడుబడ్డ ఇళ్ళను కళాకారులకు అప్పగించారు. యయోయి కుసామా పసుపు గుమ్మడికాయ 2021 తుఫానులో సముద్రంలోకి కొట్టుకుపోతే, మరుసటి ఏడాది మళ్ళీ చేసి అక్కడే నిలబెట్టారు. ఇప్పుడు లోకమంతా పడవెక్కి వెళ్ళి, ఒక పూట బొమ్మలు చూసి, అక్కడి చేపలు, ఉడోన్ నూడుల్స్ తిని వస్తోంది. మంచి పని, నాకు గౌరవమే. కాకపోతే అక్కడ కళను బయటి నుంచి తెచ్చి నాటాల్సి వచ్చింది. నయాలో అది పుట్టి పెరిగిన అరుగు మీదే ఉంది, మన నాలుగో స్టేషన్ అవతల.

నా బెంగంతా కొనేవాళ్ళ గురించి. కార్లలో వచ్చి, అరచేయంత బొమ్మ ఎత్తి చూపించి ధర అడిగి వెళ్ళిపోతారు. కేటిల్స్ మీద, గొడుగుల మీద, టీషర్టుల మీద వేసిన బొమ్మలు బాగా పోతాయి. అవి అమ్మొద్దని నేననను. ఆ డబ్బుతోనే ఇల్లు గడుస్తుంది. కానీ తెలంగాణలో మన చేర్యాల పటాలకు ఏమైందో చూశాం కదా. అక్కడ నకాషీలు పటం గీసేవారు, కథ చెప్పేవాళ్ళు వేరే: కాకిపడగలవారు, కూనపులివారు, మందహెచ్చులవారు, ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథకుల బృందం. కథ చెప్పించుకునేవాళ్ళు తగ్గేసరికి బారెడు బారెడు పటాలు గోడ బొమ్మలయ్యాయి, మాస్కులయ్యాయి. బొమ్మల వెనక ఎర్ర రంగు అలాగే ఉంది, చేతి పనితనం అలాగే ఉంది, కథ మాత్రం విడిగా కాగితాల్లో వెతుక్కోవాలి. నయాలో గీసే చెయ్యీ పాడే గొంతూ ఒక్క మనిషివే. అందుకే ఇంకా తెగలేదు. కొనేవాళ్ళెవరూ పాట అడగకపోతే తర్వాతి తరం పిల్ల బొమ్మ నేర్చుకుంటుంది, పాట ఎందుకు నేర్చుకుంటుంది? కాబట్టి వెళ్ళినవాళ్ళు ముందు కూర్చోవాలి. పాట మొత్తం వినాలి. ఆ తర్వాతే బేరం. విన్నందుకు వేరుగా ఇవ్వాలి కూడా, అది వాళ్ళ వృత్తి.

ఇక తిండి సంగతి. పొద్దున దారిలో మురీ (మరమరాలు), శెనగపిండి చుట్టిన ఆలూ చాప్, పచ్చిమిరపకాయ తిన్నాను. మేదినీపూర్ పల్లెల్లో ఇదే టిఫిను. మధ్యాహ్నం అన్నంలోకి గసగసాల ముద్దలో వండిన బంగాళాదుంపలు, చిన్న చేపల పులుసు. వాటి పక్కన పెట్టే గహనా బొడి కోసమైనా చలికాలంలో వెళ్ళాలంటాను.

గహనా బొడి అంటే నగల వడియం. తమ్లూక్, మహిషాదల్ వైపు దీనికి పెట్టింది పేరు. పొట్టు తీసిన మినప్పప్పు రాత్రి నానబెట్టి, రుబ్బి, చేత్తో గిలక్కొడతారు. చిన్న ముద్ద నీళ్ళలో వేస్తే తేలాలి. అచ్చం మా అమ్మ చూసే పరీక్షే. అక్కడి నుంచి దారి వేరు. పళ్ళెంలో గసగసాలు పలచగా పరిచి, గుడ్డకు చిన్న రేకు గొట్టం బిగించి, అందులోంచి పిండిని సన్నటి దారంగా వదులుతూ కంకణాలు, కమ్మలు, హారాలు, నెమళ్ళు, శంఖాలు తిప్పుతారు. మెహందీ కోను పట్టుకున్నట్టే ఉంటుంది చెయ్యి. ముందు గీసుకునేది లేదు, చెరిపేది లేదు. లేత ఎండలో ఆరాలి, ఎండ ముదిరితే విరుగుతాయి. రవీంద్రనాథ్ ఠాగూర్ వీటిని చూసి మురిసి, ఫొటోలు శాంతినికేతన్ కళాభవన్‌లో దాచాలనుకున్నారు. ఫొటోలు తప్ప దారి లేదు మరి, వీటిని చేసేది తినడానికి. అత్తగారు కోడలికి, కోడలు కూతురికి చూపించి నేర్పే పని. ఏ ఆడమనిషి పేరూ ఏ బొడి మీదా ఉండదు. నాకైతే ఏ మ్యూజియంలో పెట్టినా తక్కువ కాని పనితనం.

మన మినప వడియంలో రుచి ఉంది, ఇంగువ ఉంది, పచ్చిమిర్చి ఉంది. ఆకారానికి మాత్రం మనం చెయ్యి పెట్టలేదు. గోల్‌బజార్ దగ్గరి ఇళ్ళలో తెలుగు ఆడవాళ్ళూ బెంగాలీ ఆడవాళ్ళూ పక్కపక్క డాబాల మీదే వడియాలు ఎండబెడతారు. ఒక చలికాలం ఒకరి పళ్ళెం దగ్గర ఒకరు కూర్చుంటే చాలు.

గహనా బొడి తెచ్చుకునేటప్పుడు రేకు డబ్బాలో పెట్టించుకోండి, సంచీలో పొడైపోతాయి. నూనె మరీ కాగనివ్వకుండా ఒక్కొక్కటే వెయ్యాలి. వేసిన వెంటనే పొంగుతాయి, రంగు మారేలోపు తీసెయ్యాలి. ముద్దపప్పు, నెయ్యి కలిపిన అన్నంలోకి చాలా బాగుంటాయి.