బాధితుడే కర్మ

పోటీ పరీక్షల గైడ్లలో ‘డిప్రైవ్’ అనే ఇంగ్లీషు క్రియకు ఎదురుగా ‘తీసివేయు, లాగుకొను’ అని రెండు మాటలు రాసి ఊరుకోవడం, వాక్యంలో దాని నడక చెప్పకపోవడం ఈ శీర్షికకు పాత పేచీయే గానీ, ఈ వారం వెలువడిన మరో గైడులోనూ అదే వరస కనబడడంతో దాన్ని మళ్లీ ఎత్తుకోక తప్పడం లేదు. ‘స్టీల్’ క్రియకు పోయిన వస్తువు కర్మ అవుతుంది. ‘రాబ్’, ‘డిప్రైవ్’ క్రియలకు మాత్రం పోగొట్టుకున్న మనిషే కర్మ, వస్తువు ‘ఆఫ్’ అనే మాట వెనుక నిలబడుతుంది. ‘దే డిప్రైవ్డ్ హిమ్ ఆఫ్ హిజ్ ల్యాండ్’ అనాల్సిన చోట, రైతు దగ్గర భూమి లాక్కున్నారని పలికే తెలుగు నోటికి ‘దే డిప్రైవ్డ్ హిజ్ ల్యాండ్’ అనే తప్పే సహజంగా వస్తుంది.

ఈ క్రియ మీద న్యాయస్థానాల్లో జరిగినంత తర్కం వ్యాకరణ తరగతుల్లో జరగలేదు. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణానికీ, వ్యక్తి స్వేచ్ఛకూ భంగం కలిగించరాదనే రాజ్యాంగం 21వ అధికరణ ఇంగ్లీషు పాఠంలో ఉన్నది ఈ క్రియే. 1950లో ఎ.కె.గోపాలన్ కేసులో ప్రధాన న్యాయమూర్తి కానియా దీనికి పూర్తిగా కోల్పోవడమనే అర్థం చెప్పి, పాక్షికమైన అదుపు వేరని గీత గీశారు. 1985లో బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవారి విషయమై వచ్చిన ఓల్గా టెల్లిస్ తీర్పు, జీవనోపాధి హక్కు కూడా జీవించే హక్కులో భాగమేనని అర్థాన్ని విస్తరించింది; గుడిసెల తొలగింపును మాత్రం ఆపలేదు.

మనిషినే కర్మగా నిలిపే ఈ క్రియ అతనికి ఒరగబెట్టిందేమిటన్న సందేహం ఇక్కడే పుడుతుంది. ‘డిప్రైవ్డ్ చైల్డ్’ అన్నప్పుడు, ఎన్నడూ తన చేతికి రానిదానికి దూరమైన పిల్లవాడు కనిపిస్తాడు గానీ దూరం చేసినవారు కనిపించరు. పత్రికలు రాసే ‘చదువుకు నోచుకోని పిల్లలు’ ఇంతకన్నా అన్యాయం: నోము నోచనిది ఆ పిల్లలే అన్నట్లు, వ్యాకరణంలోని కర్మ కాస్తా నుదుటి కర్మ అయిపోతుంది. నిర్వాసితుల గురించి రాసే విలేఖరికి, పరీక్షలో మార్కు పోగొట్టే ఆ ‘లాగుకొను’ అనే అర్థమే పనికొస్తుంది. ‘భూమి లాక్కున్నారు’ అన్నప్పుడు కర్తను రాయకపోయినా, చివరి ‘రు’ ఎవరని అడిగిస్తుంది.