సముదాయం అంటే ఎవరు? బాలల రక్షణ కమిటీలూ వాడ పిల్లలూ

ఈ ముప్పై ఏళ్లలో ప్రభుత్వ కాగితాల్లో బాగా చెలామణి అయిన మాటల్లో 'సముదాయ భాగస్వామ్యం' ఒకటి. బడి గురించి జీవో వచ్చినా, బాల కార్మికుల గురించి పథకం వచ్చినా ఆ మాట లేకుండా ఉండదు. ప్రభుత్వం ఒక్కటే ఈ పని చెయ్యలేదు, సముదాయం కూడా కలిసి రావాలి అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. ఎవరు కాదంటారు? అయితే ఆ సముదాయం ఎక్కడ కాపురముంటుందో మాత్రం కాగితం రాసినవాళ్లు చెప్పరు. మన ఊళ్లల్లో ఆ మాటకు దగ్గరగా ఉన్నది 'ఊరుమ్మడి'. ఊరుమ్మడి బావి, ఊరుమ్మడి గుడి, ఊరుమ్మడి చావడి. వీటిలో మాల మాదిగలకు ఎంత చోటుండిందో ఈ పత్రిక పాఠకులకు నేను కొత్తగా చెప్పనక్కర లేదు. ఊరుమ్మడి అన్న ప్రతిసారీ వాడ బయటే ఉండిపోయింది. మరి ఊరుమ్మడి కమిటీ వేసి పిల్లల్ని కాపాడతామంటే వాడ పిల్లలు అందులో ఎక్కడ నిలబడతారు? నేను అడగదల్చుకున్నది ఇదే.

ఇది కొత్త ప్రశ్న కాదు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ డాక్టర్ అంబేద్కర్ గ్రామాన్ని కాకుండా వ్యక్తిని యూనిట్‌గా తీసుకున్నందుకు సంతోషించాడు. గ్రామాన్ని పొగిడే మేధావులందరికీ అది మింగుడు పడలేదు. గ్రామం అనే మాట కింద ఏముందో చూసినవాడు గనక ఆయన అట్లా మాట్లాడగలిగాడు. ఆ రోజు ఆయన తలుపు దగ్గర ఆపిన గ్రామం తర్వాత కిటికీలోంచి లోపలికొచ్చింది. ఈసారి దాని పేరు 'కమ్యూనిటీ'.

2009లో వచ్చిన సమగ్ర బాలల పరిరక్షణ పథకం పత్రాన్ని తీసుకుందాం. ప్రతి గ్రామంలో ఒక బాలల పరిరక్షణ కమిటీ ఉండాలన్నది. సర్పంచ్ అధ్యక్షుడు. ఇద్దరు పిల్లల ప్రతినిధులు, జిల్లా బాలల పరిరక్షణ యూనిట్ నుంచి ఒకరు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఏఎన్ఎం, టీచర్లు, వీళ్లతో పాటు 'గౌరవనీయులైన గ్రామ సభ్యులు'. నేను సాహిత్య విద్యార్థిని కాదు గానీ ఈ ఒక్క పదబంధాన్ని కవిత్వం చదివినట్టు నిదానంగా చదవాలనిపించింది. ఊళ్ళో గౌరవనీయులెవరు? ఎవరు ఎదురొస్తే ఎవరు మంచం మీంచి లేస్తారు? ఎవరిని 'రెడ్డీ', 'పటేలా' అని పిలుస్తారు, ఎవరిని 'ఒరేయ్' అని పిలుస్తారు? పథకం రాసినాయన ఢిల్లీలో కూచుని ఎవర్నీ కించపరచాలని ఈ మాట రాయలేదు, నాకు తెలుసు. కానీ ఆయన కలం నుంచి జారిన ఆ మాట ఊళ్ళోకొచ్చి దిగేసరికి దాని అర్థం ఊరే నిర్ణయిస్తుంది. ఆ సభ్యుల వరుసలో కులం అన్న ఊసే లేదు. పనిలో ఉన్న పిల్లలు ఏ కులాలవాళ్లు, పనిలో పెట్టుకున్నవాళ్లు ఏ కులాలవాళ్లు అని అడిగితే గదా కమిటీలో ఎవరుండాలో తేలేది.

నా సంగతి కొంత చెప్పాలి. వ్యాసంలో సొంత సోది ఎందుకని కొందరు మిత్రులు అంటారు. మన అనుభవాన్ని 'సోది' అనిపించిందెవరో కూడా ఆలోచించాలి గదా. మాది నడిగడ్డ. సీడు పత్తికి పేరు పడ్డ సీమ. హైబ్రిడ్ విత్తనం కావాలంటే పత్తి పూవును ఒక్కొక్కదాన్నీ చేత్తో ముట్టాలి. పొద్దుగూకే ముందు మొగ్గ తీసి లోపలి మగభాగం గిల్లెయ్యాలి, తెల్లారి మగపూవు తెచ్చి రాయాలి. దీన్ని మావాళ్లు క్రాసింగ్ అంటారు. చెట్టు ఎత్తు పిల్లల నడుము దాకానో భుజం దాకానో ఉంటుంది. వంగే పని లేదు, చేతులు చిన్నవి, కూలి తక్కువ, చెప్పినట్టు వింటారు. అందుకే ఆడపిల్లలు కావాల్సొచ్చారు. కంపెనీ ఆర్గనైజరుకిస్తుంది, ఆర్గనైజరు రైతుకిస్తాడు, రైతు మా గేరికొచ్చి తల్లిదండ్రుల చేతిలో అడ్వాన్సు పెడతాడు. అక్కడితో బడి రిజిస్టరులో పిల్ల పేరు పక్కన సున్నాలు మొదలవుతాయి. మా అక్క అట్లా పోయింది. అప్పటికి దానికి పదకొండేళ్లు.

అప్పట్లో కూడా కమిటీ ఉంది. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పాఠశాల విద్యలో ప్రజా భాగస్వామ్యానికి చట్టమే చేశారు, ఊరూరా బడి కమిటీలు వేశారు. మా బడి కమిటీ చైర్మన్‌ది సీడు పత్తి. మా అక్క క్రాసింగ్ చేసింది ఆయన చేనులోనే. పిల్లలందర్నీ బళ్ళో వెయ్యాలని మీటింగు పెట్టిన రోజు ఊరంతా డప్పు కొట్టి చాటింది మా నాయన. చాటడం అయినంక బడి గోడ బయట, వేపచెట్టు కింద డప్పు పక్కన పెట్టుకుని కూచున్నాడు. లోపల ఆయన బిడ్డ గురించే మాట్లాడుతున్నారు. ఆయన్ని పిలవాలని ఎవరికీ తోచలేదు, లోపలికి పోవాలని ఆయనకూ తోచలేదు. ఈ రెండోది నాకు ఇప్పటికీ ఎక్కువ బాధ పెడుతుంది.

1991 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 5 నుంచి 14 ఏళ్ల మధ్య పనిచేసే పిల్లలు 16 లక్షల 60 వేల పైన. దేశంలో మనదే మొదటి స్థానం. 2001కి అది 13 లక్షల 60 వేల పైచిలుకుకు తగ్గింది. తగ్గడంలో ఎవరి పాత్ర ఎంత అనే చర్చ వచ్చినప్పుడు ఎం.వి. ఫౌండేషన్ పేరు తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లాలో జీతానికున్న పిల్లల్ని విడిపించడంతో మొదలుపెట్టి, బళ్ళో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే అన్న సూత్రాన్ని వాళ్లు నిలబెట్టారు. పేదరికం వల్లనే పిల్లలు పనికి పోతారు, ఏం చేస్తాం అనే మధ్యతరగతి నిట్టూర్పుకు అది గట్టి దెబ్బ. చదువు కావాలని పేద తల్లిదండ్రులు ఎంత ఆరాటపడతారో వాళ్లు చూపించారు. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలు. బ్రిడ్జి క్యాంపుల్లో పాఠాలు చెప్పిన మా ఈడు వాడ పోరగాళ్లు నాకు తెలుసు. వాళ్లు లేకపోతే ఆ పని జరిగేది కాదు. అందుకని ఆ పద్ధతిని నేను తేలిగ్గా తీసిపారెయ్యలేను.

అయినా ఒక విమర్శ ఉంది. పిల్లని పనిలో పెట్టుకున్నవాణ్ణి శత్రువుగా నిలబెట్టకుండా, నచ్చజెప్పి, కలుపుకుని పోవడం ఆ పని తీరు. ఊళ్ళో గొడవ లేకుండా పిల్ల బడికి రావాలంటే అదే దారి అనిపించొచ్చు. పిల్లని వదిలిపెట్టినందుకు ఆసామికి స్టేజీ మీద దండ వేస్తారు. పిల్ల కష్టానికి రావలసిన కూలి ఏమైంది? తల్లిదండ్రుల నెత్తిన అడ్వాన్సు అప్పు ఉందా పోయిందా? వీటిని స్టేజీ మీద ఎవరూ అడగరు. అడిగితే దండ వాడిపోతుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నుంచీ వెట్టి చేయించడాన్ని అత్యాచారంగానే లెక్కిస్తున్నది. వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం 1976 నుంచీ ఉంది. అంటే అడ్వాన్సు కింద మాదిగ పిల్లను చేనులో కట్టేసినవాడి మీద కేసు పెట్టాలి. కమిటీలోకి వచ్చేసరికి ఆ నేరం 'సమస్య' అవుతుంది, సమస్యకు 'అవగాహన' పరిష్కారమవుతుంది. పోలీసు స్టేషన్‌కు పోవలసింది పెద్దమనుషుల పంచాయితీకి వస్తుంది. కారంచేడు, చుండూరు తర్వాత మనం పోరాడి సాధించుకున్నది 'రాజీ' కుదరదన్న మాటనే. పిల్లల విషయంలో ఆ మాటను ఎందుకు వదులుకున్నాం?

చట్టం కూడా సాయంత్రం పూట తలుపు తీసి పెట్టింది. 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించి పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఏ పనీ చెయ్యరాదన్నారు, మంచిదే. అదే చేత్తో, బడి వేళల తర్వాతా సెలవుల్లోనూ 'కుటుంబ' పనిలో సాయం చెయ్యొచ్చన్నారు, ప్రమాదకరమైన పని కాకపోతే చాలు. ఆ కుటుంబంలో మేనమామలు, చిన్నాయనలు, మేనత్తలు కూడా చేరతారు. సీడు పత్తి ఇప్పుడు మా దిక్కు చిన్న కమతాలకు కూడా పాకింది. గేరిలో అర ఎకరం కౌలుకు పట్టినవాడు కూడా వేస్తున్నాడు, అతని పిల్లలు 'సాయం' చేస్తున్నారు. కంపెనీ అదే, ఆర్గనైజరు అదే, అప్పు అదే. యజమాని స్థానంలో మాత్రం మేనమామ నిలబడ్డాడు. కులవృత్తి పేరుతో పిల్లల చేతులు ఎట్లా కట్టేశారో తెలిసిన దేశంలో కుటుంబం అనే మాటను ఇంత అమాయకంగా వాడొచ్చా?

భాగస్వామ్యమే వద్దంటున్నావా అని అడగొచ్చు. లేదు. మనకు వేరే భాగస్వామ్యం చరిత్ర ఉంది, దాన్ని మన పరిశోధకులే సరిగ్గా చెప్పుకోలేదు. భాగ్యరెడ్డి వర్మ 1910లో హైదరాబాద్ ఇసామియా బజార్‌లో అంటరాని పిల్లలకు బడి పెట్టాడు. పెట్టుకుంటూ పోతే అవి 26 బడుల దాకా అయ్యాయి. నిజాం సర్కారు తర్వాత వచ్చి ఆ బడుల్ని తీసుకుంది. వరుస గమనించండి. ముందు వాడ పని మొదలుపెట్టింది, తన పిల్లల్ని తనే లెక్క పెట్టుకుంది, సర్కారు ఖర్చు భరించడానికి వచ్చింది. ఆ మనిషే జోగిని ఆచారానికీ బాల్య వివాహాలకూ వ్యతిరేకంగా కూడా తిరిగాడు. ఇవ్వాళ్టి భాషలో ఇదంతా 'బాలల పరిరక్షణ' కిందికే వస్తుంది. జోగినిగా విడిచే ఆచారాన్ని నిషేధించే చట్టం మన రాష్ట్రానికి 1988లో గాని రాలేదు.

ఇప్పటి వరుస తిరగబడింది. ఆలోచన పైన, అధ్యక్షత ఊళ్ళో, చాకిరీ వాడలో. అంగన్‌వాడీ టీచరూ ఆయా ఇంటింటికీ తిరిగి పిల్లల లెక్క రాయాలి, బాల్య వివాహం జరుగుతుంటే చెప్పాలి, చెప్పినందుకు తిట్లు తినాలి. వాళ్లకిచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. గౌరవనీయులకు గౌరవం, వీళ్లకు గౌరవ వేతనం. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబర్‌లో అంగన్‌వాడీలు జీతాల కోసం సమ్మెకు దిగితే నలభై రోజులకు పైగా సాగింది, మధ్యలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. భాగస్వాముల మీద ఎస్మా పెడతారా ఎక్కడన్నా? 1996 నుంచి స్వచ్ఛంద సంస్థలు నడిపిన 1098 ఫోన్ సేవను కూడా 2023లో ప్రభుత్వాలు తీసుకుని 112తో కలిపాయి. దాని మంచిచెడ్డలు వేరే రాయాలి.

2022లో వచ్చిన మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో మెచ్చుకోవలసింది ఒకటుంది. తండ్రి లేని పిల్లలు, తల్లి ఒక్కతే సాకుతున్న పిల్లలు ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి నెలకు ఇచ్చే సాయం రెండు వేల నుంచి నాలుగు వేలైంది. పల్లెల్లో ఏడాదికి 72 వేలు దాటని ఆదాయముండాలి. నాలుగు వేలంటే మా గేరిలో చిన్న మాట కాదు, అడ్వాన్సును కాదనడానికి బలమిస్తుంది. పోయిన ఎండాకాలం మా గేరిలో తండ్రి లేని పిల్లలున్న ఇండ్లు లెక్క పెట్టాను. నాలుగున్నాయి. నాలుగిండ్లలో ఒక్కరూ ఆ పథకం పేరు వినలేదు.

కమిటీ మాత్రం ఉంది. మా చిన్నమ్మ అంగన్‌వాడీలో ఆయా. ఆమెను అడిగితే రిజిస్టరు ఉందన్నది.

"ఏం మాట్లాడతరు చిన్నమ్మా మీటింగుల?"

"నాకేం తెలుసురా, నేను చాయ పెట్టనీకి పోతా."

"సంతకం పెడతవా?"

"పెట్టుమంటె పెడతా. నువ్వే గద నేర్పింది."

అది నిజమే. నేను డిగ్రీ చదివేటప్పుడు ఆమెకు సంతకం నేర్పాను. మర్నాడు రిజిస్టరు తిరగేశాను. మూడు మీటింగులు రాసి ఉన్నాయి, మూడింట్లోనూ ఊళ్ళో బడి మానేసిన పిల్లలు లేరని తీర్మానం. నాలుగో పేజీలో తేదీ లేదు, తీర్మానం లేదు. కింద సంతకాలు మాత్రం అందరివీ ఉన్నాయి, చివర్న చిన్నమ్మది, నేను నేర్పినట్టే కొంచెం పక్కకు వాలి. ఆ వారం మా గేరి ఆడపిల్లలు ఎంతమంది చేనుకు పోతున్నారో ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకున్నాను. ఆ కాగితం ఇస్తానంటే తీసుకోవడానికి కమిటీలో ఎవరూ ఒప్పుకోలేదు. జిల్లా యూనిట్‌కు పోస్టులో పంపాను. నకలు మా నాయన దగ్గర ఉంది.